పరీక్ష వాయిదా పడినా చదువు ఆపకు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "డేట్ రానీ మామయ్యా, అప్పుడు గట్టిగా కూర్చుంటా" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

కిందటిసారి మన తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల పరీక్ష ఏమైందో గుర్తు చేసుకో. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, ఆ తర్వాత జనవరి, మళ్లీ 2024 ఆగస్టు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16న. వాయిదా పడినప్పుడల్లా పుస్తకాలు మూసి ఊరికి వచ్చేసిన పిల్లల్ని చూశాను. తెలివికి తక్కువ వాళ్లు కాదు. మళ్లీ తెరిచేసరికి చదివిందంతా మొదటికొచ్చింది, అంతే.

కాబట్టి తేదీ సంగతి పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి వదిలెయ్. నువ్వు టైం పట్టుకో. పరీక్ష ఉదయం పదింటి నుంచి పన్నెండున్నర దాకా, మళ్లీ మూడింటి నుంచి ఐదున్నర దాకా. చిక్కడపల్లి లైబ్రరీలో సరిగ్గా ఆ వేళల్లోనే లేవకుండా కూర్చోవడం అలవాటు చేసుకో. మధ్యాహ్నం మూడింటికి ఎవరికైనా కునుకు వస్తుంది, అందరూ చాయ్‌కి లేస్తారు. కానీ పేపర్-2, పేపర్-4 రాయాల్సింది ఆ వేళలోనే కదా! 150 బిట్లు చివరిదాకా ఒకే శ్రద్ధతో చదవడం ఒంటికి అలవాటు కావాలి. అది చివరి నెలలో వచ్చేది కాదు.

తప్పు పోయిన బిట్లకు ఒక నోట్‌బుక్ పెట్టు. ఊరికే సరైన జవాబు రాసుకుంటే లాభం లేదు, ఎందుకు తప్పిందో రాయి. రాష్ట్రపతి ఉత్తర్వులు, జీవో 610 ఏది ముందో తడబడ్డానన్నావు కదా. ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలనే ఆ ఉత్తర్వులు 1975లో వచ్చాయి. వాటిని తుంగలో తొక్కి స్థానికేతరులకు ఉద్యోగాలిచ్చారు కాబట్టే, దాన్ని సరిదిద్దడానికి 1985లో జీవో 610 తెచ్చారు. కారణం తెలిస్తే వరస తప్పమన్నా తప్పదు. రాత్రి పడుకునే ముందు రెండు పేజీలు తిరగెయ్. కొత్త మెటీరియల్ కొనడం కంటే ఇదే మేలు.

జ్వరమొస్తుంది, హాస్టల్‌లో గొడవలవుతాయి, ఊరికే దిగులుగా ఉంటుంది. అలాంటి రోజు పది బిట్లు చెయ్యి, చాలు. ఆ పది మాత్రం మానకు. ఒక రోజు పూర్తిగా మానేస్తే రెండో రోజు కూర్చోవడం ఎంత కష్టమో నీకే తెలుసు. ఇంకొకటి, టెలిగ్రామ్ గ్రూపుల్లో కోర్టు కేసుల వార్తలు చూస్తూ టెన్షన్ పడకు. నిజంగా డేట్ వస్తే కమిషన్ వెబ్‌సైట్‌లో పెడతారు, వారానికోసారి చూస్తే సరిపోతుంది.

ఇంట్లో సంబంధాల మాట నీ దాకా రాకుండా చూసే పూచీ నాది. అమ్మతో నేను మాట్లాడతా. హాస్టల్ ఫీజు గురించి కూడా ఆలోచించకు.

వచ్చే నెల పట్నం వస్తున్నా. ఆ నోట్‌బుక్ తీసిపెట్టు, అందులోంచి నేనే ప్రశ్నలు అడుగుతా.

మీ మామయ్య