కింది దవడ ఎముకను కొలవడానికి ఓపీజీ ఎక్స్‌రే (రెండు దవడలూ ఒకే చదునైన బొమ్మలో కనిపించేది) చాలదా, సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపేది) తప్పనిసరా?

ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) కోసమైతే సీబీసీటీనే నమ్మదగినది. ఓపీజీలో బొమ్మ అసలు కంటే సుమారు 20-30 శాతం పెద్దదిగా పడుతుంది. ఆ పెరుగుదల అంతటా ఒకేలా ఉండదు. తల కాస్త ముందుకో వెనక్కో జరిగినా అడ్డం కొలతలు బాగా మారిపోతాయి; నిలువు కొలతలు కొంత నయం.

అందుకే కొందరు డాక్టర్లు 5 మి.మీ. లోహపు గుండు పెట్టి ఓపీజీ తీస్తారు. గుండు 6 మి.మీ.గా కనిపిస్తే, అక్కడ 18 మి.మీ.గా కనిపించే ఎముక ఎత్తు నిజానికి 15 మి.మీ. అన్నమాట. అయినా ఎముక మందం ఓపీజీలో తెలియదు. నా దృష్టిలో అసలు లోటు ఇదే, ఎందుకంటే దవడ లోపలివైపు, నాలుక పక్కన, గుంట ఉంటే అది బయటపడదు.

సీబీసీటీలో తేడా సాధారణంగా 1 మి.మీ. లోపే. కాకపోతే స్కాన్ సమయంలో కదిలినా, పక్కన లోహపు క్యాప్‌లున్నా బొమ్మ చెదురుతుంది. ఆ కాస్త తేడాను దృష్టిలో పెట్టుకునే నరం కాలువకు (కింది దవడ ఎముక లోపల నరం వెళ్లే దారికి) పైన కనీసం 2 మి.మీ. వదులుతారు. నరం దెబ్బతింటే కింది పెదవి మొద్దుబారుతుంది, ఒక్కోసారి శాశ్వతంగా. మామూలు పుచ్చుపళ్ల పరీక్షకైతే సీబీసీటీ అడగకండి, రేడియేషన్ ఎక్కువ.