జర్మన్‌లోకి అనువాదం ఒప్పుకునే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

చి. హారికకు,

పెద్దమ్మ ఆశీస్సులు. జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసయ్యావు, చాలా సంతోషం. పీణ్యాలో లేత్ మెషీన్లు చేసేవాళ్ళు నలభై పేజీల మాన్యువల్ ఇచ్చి ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి చేసిపెట్టమన్నారనీ, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని ఒప్పేసుకున్నాననీ మొన్న ఫోన్లో అన్నావు. అప్పట్నుంచి నాకు అదే ధ్యాస. ఫోన్లో చెప్తే ప్రతి మాటకీ "సరే పెద్దమ్మా, సరే" అంటావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. పేజీకి రెండు వందల యాభై మాటలు వేసుకున్నా పదివేలు. ఇన్నేళ్ళ అలవాటున్నా రోజుకు రెండు వేల మాటలు దాటితే నా రాతను నేనే నమ్మను. అంటే అనువాదానికే ఐదు రోజులు. ఆ తర్వాత ఇంకొకరు చదవాలి. ఆ ఇంకొకరి గురించే నా బాధంతా.

ఈ పనిలో మామూలుగా ఎవరైనా తమ మాతృభాషలోకే అనువదిస్తారు. మనం చేసేది ఎదురీత. ఇంగ్లీషూ మనది కాదు, జర్మనూ మనది కాదు. అలాగని చేయకూడదనను, నేను బతికిందే దీని మీద. కానీ పుట్టుకతో జర్మన్ మాట్లాడే మనిషి చదవకుండా ఒక్క పేజీ బయటికి పంపలేదు, ఒక్కసారి తప్ప.

అది కొత్తల్లో. ప్రెస్ మెషీన్ మాన్యువల్. మెషీన్ నడుస్తుండగా కవర్ తెరవకూడదు అనే చోట ఇంగ్లీషులో మస్ట్ నాట్ అని ఉంది. నేను ముస్ నిష్ట్ అని రాశాను. జర్మన్‌లో దానర్థం "తెరవనక్కర్లేదు". అంటే తెరిచినా ఫర్వాలేదన్నట్టే! కూడదు అనాలంటే డార్ఫ్ నిష్ట్ అనాలి. నాకు తెలియక కాదు, పరీక్షలో అడిగితే తప్పు రాసేదాన్నే కాదు. రాత్రి పదకొండింటికి, ముప్పై రెండో పేజీలో, చెయ్యి దానంతటదే రాసేసింది. అక్కడి ఇంజనీరు ఎవరో మెషీన్ బిగించే ముందు చదివి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ కంపెనీ మళ్ళీ నాకు పని ఇవ్వలేదు. నేనైనా ఇవ్వను.

అందుకని రేపు పొద్దున్నే వాళ్ళకు ఫోన్ చేసి పది రోజులు అడుగు. చదివే మనిషి ఫీజు విడిగా ఇవ్వాలని కూడా చెప్పు. ఎందుకంటారు. అనువాదాలకు 2015లో వచ్చిన ఐఎస్‌ఓ 17100 అనే ప్రమాణం ఉందనీ, అనువదించిన మనిషి కాకుండా రెండో మనిషి మూలంతో పోల్చి చూడాలని అందులోనే ఉందనీ చెప్పు. ఫ్యాక్టరీ వాళ్ళు మన మాట వినకపోయినా ఐఎస్‌ఓ మాట వింటారు.

పని మొదలుపెట్టే ముందు ఒకసారి ఫ్యాక్టరీకి వెళ్ళిరా. లేత్ పక్కన నిలబడి ఏ భాగం ఏం చేస్తుందో ఫిట్టర్‌ని అడుగు. ఇంగ్లీషులో అన్నిటికీ కవర్ అనే ఉంటుంది. జర్మన్‌లో మూతలా ఉంటే డెకెల్, కప్పి ఉంచే రేకైతే ఆబ్‌డెకుంగ్, గుమ్మటంలా ఉంటే హౌబె. కళ్ళతో చూడకుండా ఏది రాస్తావు? చక్‌ను, అదే లేత్‌లో ముక్కను బిగించి పట్టుకునే భాగాన్ని, ష్పాన్‌ఫుటర్ అంటారు. ఫుటర్ అంటే పశువుల మేత కూడా, నవ్వుకో. ఇవన్నీ ముందే ఎక్సెల్‌లో రాసి పెట్టుకుంటే ఐదో పేజీలో ఒక పేరు, ఇరవయ్యో పేజీలో ఇంకో పేరు పడదు.

కంప్యూటరే అనువదించిపెట్టే ఆ డీప్‌ఎల్ వాడతావని తెలుసు, నేనూ వాడతాను. కానీ వాళ్ళను అడగకుండా వాళ్ళ ఫైలు ఫ్రీ వెర్షన్‌లో వేయకు. వేసినా ఈ డెకెల్, హౌబె గొడవ అది తేల్చదు.

అంకెల దగ్గర మటుకు ఒళ్ళు దగ్గర పెట్టుకో. ఇంగ్లీషులో 1.250 మిల్లీమీటర్లంటే ఒకటింబావు. జర్మన్ వాళ్ళ కంటికి అది పన్నెండు వందల యాభై, అంటే మీటరుంబావు! మన చుక్క ఉన్నచోట వాళ్ళు కామా పెడతారు, మన కామా ఉన్నచోట చుక్క. మన 1,00,000 అక్కడ 100.000. ఇంగ్లీషు బిలియన్ అక్కడ మిలియార్డె, వాళ్ళు బిలియోన్ అన్నారంటే లక్ష కోట్లు. మాటలన్నీ అయ్యాక అంకెల కోసమే మొదటి పేజీ నుంచి మళ్ళీ చూడు.

హెచ్చరికల్లో డేంజర్‌కి గెఫార్, వార్నింగ్‌కి వార్నుంగ్, కాషన్‌కి ఫోర్‌జిష్ట్. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పే మెట్లివి. వచ్చిన మాటే వస్తోందని మార్చావో, ప్రాణం పోయే చోట వేలు తెగే హెచ్చరిక పడుతుంది. అట్ట మీద ఊబర్‌జెట్సుంగ్ డేర్ ఒరిగినాల్‌బెట్రీబ్స్‌ఆన్‌లైటుంగ్ అని ఉండాలి (చివరిదంతా ఒకే మాట, ఊపిరి బిగబట్టి చదువు). ఇది అసలు మాన్యువల్‌కు అనువాదం అని దానర్థం. యూరప్ మెషినరీ డైరెక్టివ్ 2006/42 ప్రకారం ఆ ముక్క తప్పనిసరి. మెషీన్ ఏ దేశంలో వాడతారో ఆ దేశం భాషలో మాన్యువల్ ఉండాలన్నదీ అదే. వాళ్ళు నీ దగ్గరికి వచ్చిందే అందుకు, కాబట్టి డబ్బులడగడానికి మొహమాటపడకు. జర్మనీలో రేటు లైను లెక్క, ఖాళీలతో కలిపి 55 అక్షరాలు ఒక లైను. ఇక్కడ ఇంగ్లీషు మాటల లెక్కనే అడుగు. సగం అడ్వాన్సు తీసుకో.

మారతహళ్ళి పీజీలో నీ స్నేహితురాళ్ళు మార్క్‌షీట్లు జర్మన్‌లోకి చేసిపెట్టమంటున్నారన్నావు. ముందు యూనివర్సిటీని అడగమను, చాలాచోట్ల ఇంగ్లీషువే తీసుకుంటారు. జర్మన్ ఆఫీసులు సర్టిఫైడ్ అనువాదం అడిగితే మామూలుగా అక్కడి కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకులే ముద్ర వేయాలి, నీ సంతకం చెల్లదు. సరదాకి చేసినా ఇంటర్మీడియెట్‌ను అబిటూర్ (అక్కడి స్కూలు చివరి పరీక్ష) అని రాయకు. ఇంటర్మీడియెట్ అనే ఉంచి పక్కన రెండు ముక్కల్లో వివరించు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, ఇంటిపేరు ముందుకీ వెనక్కీ జరపొద్దు.

ఆదివారం రా. మొదటి పది పేజీలు ప్రింటు తీసుకురా, లాప్‌టాప్‌లో నాకు తప్పులు కనబడవు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నా పాత స్నేహితురాలు చదివి పెడుతుంది, కానీ ఊరికే కాదు. ఆవిడ రేటు అడిగి ఉంచుతాను.

పెద్దమ్మ