లేజర్‌కి ముందు స్కాన్ కాగితం చదువు

చి. బుజ్జికి,

పెళ్లిలోపు లేజర్ చేయించేసుకుంటే ఫోటోల్లో అద్దాలు ఉండవు కదా అని అడిగావు. ముందు తారీఖుల సంగతి చెప్తాను. ఆపరేషన్‌కీ పెళ్లికీ మధ్య మూడు నెలలైనా లేకపోతే ఇప్పుడు వద్దు. చూపు చాలామందికి మర్నాటికే వచ్చేస్తుంది, అది నిజమే. కళ్లు పొడిబారడం మాత్రం మూడు నుంచి ఆరు నెలలు సతాయిస్తుంది. పైగా ల్యాసిక్ అనే ఈ లేజర్ ఆపరేషన్‌లో నల్లగుడ్డు (కార్నియా) మీది పల్చటి పొరను పుస్తకం అట్టలా తెరిచి, లోపల లేజర్ కొట్టి, మళ్లీ మూసేస్తారు. ఫ్లాప్ అనే ఆ పొరకి కుట్లు వెయ్యరు. కాటుక, హోమం పొగ, ఎదుటివాడు దోసిలెత్తి నెత్తిన పోసే తలంబ్రాలు కొత్తగా మూసిన ఆ ఫ్లాప్‌కి పడవు. వ్యవధి లేకపోతే ఆ నాలుగు రోజులకీ కాంటాక్ట్ లెన్సులతో గడిపెయ్. పెళ్లయ్యాక చేయించుకుంటానంటే ఇంకో మాట: కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ పవర్ మారుతూ ఉంటుంది, అప్పుడు చెయ్యరు. ఆ లెక్క కూడా మీ ఇద్దరూ చూసుకోండి.

నీకు ఇరవై మూడు, వయసు సరిపోతుంది. పాత పవర్ చీటీలు వెతికి తియ్. ఏడాది ఎడంగా తీసుకున్న రెండు చీటీల మధ్య తేడా అరకి మించితే ఆగాలి. పెరుగుతున్న సైట్‌ని లేజర్ ఆపదు, ఇవాళ ఉన్నదాన్ని సరిచేస్తుందంతే.

పరీక్షలకు వెళ్లే ముందు లెన్సులు మానెయ్. మెత్తవి అయితే రెండు వారాలు, గట్టివి అయితే నాలుగు వారాలు. లెన్సు నల్లగుడ్డును నొక్కి పెట్టి ఉంచుతుంది కాబట్టి, అది పూర్వస్థితికి రాకుండా తీసిన స్కాన్ అబద్ధం చెప్తుంది. "లెన్సులు పెట్టుకుంటున్నారా, ఎప్పుడు మానేశారు?" అని అడగకుండానే స్కాన్ తీసి, సాయంత్రానికి ఆపరేషన్ అనే చోట కూర్చోకు. లేచి వచ్చెయ్.

అసలు నిర్ణయమంతా ఆ స్కాన్‌లోనే ఉంది. పెంటాక్యామ్ లాంటి మిషన్‌తో తీస్తారు, రంగురంగుల పటాలున్న కాగితం చేతికిస్తారు. అందులో నల్లగుడ్డు మందం చూడు. నడిమధ్యలోది కాదు, అన్నిటికంటే పల్చగా ఉన్న చోటు అంకె. నువ్వు చెప్పినట్టు నీది 508 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), పవర్ మైనస్ అయిదు. ఫ్లాప్‌కి ఒక 110 పోతుంది. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున ఒక్కో పవర్‌కీ సుమారు 14 మైక్రాన్లు చెక్కుతారు, అంటే 70. సిలిండర్‌కి, అంటే నల్లగుడ్డు వంపు తేడాకి ఇచ్చే పవర్‌కి ఇంకాస్త, 75 అనుకో. 508లోంచి 185 తీసేస్తే అడుగున 323 మిగులుతుంది. 250 కంటే తగ్గకూడదన్నది పాత లెక్క, జాగ్రత్త ఉన్న డాక్టర్లు 300 ఉండాలంటారు. తాకిన మందం, అంటే ఆ 185, మొత్తంలో నలభై శాతం దాటకూడదని ఇంకో లెక్క ఉంది, నీది ముప్పై ఆరున్నర దగ్గర ఆగింది. అంకెల వరకూ పర్వాలేదు.

అంకెలు బాగున్నా ఆకారం బాగోకపోవచ్చు. పటంలో కింది సగం మాత్రమే ఎర్రగా ఉబ్బి ఉందా, రెండు కళ్లకీ బాగా తేడా ఉందా, వెనకవైపు పటంలో ఎక్కడైనా గుబ్బలా లేచిందా అని డాక్టర్ని వేలుపెట్టి చూపించమను. అది కెరటోకోనస్‌కి, అంటే నల్లగుడ్డు పల్చబడి శంకువులా పొడుచుకొచ్చే జబ్బుకి మొదలు కావచ్చు. అలాంటి కంటిని లేజర్‌తో ఇంకా పల్చన చేస్తే నెలలకో, సంవత్సరాలకో అది ముందుకు పొడుచుకొస్తుంది. అప్పుడు కళ్లద్దాలకి కూడా చూపు సరిగా ఆనదు. ఎలర్జీతో కళ్లు నులుముకునే అలవాటు నీకు చిన్నప్పట్నించీ ఉంది. ఆ మాట డాక్టరుకి నువ్వే చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు. పటం గురించి ఏమాత్రం అనుమానం వచ్చినా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట కార్నియా డాక్టరుకి ఇంకోసారి చూపించు.

కన్నీటి పరీక్ష ఎగ్గొట్టనివ్వకు. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి అయిదు నిమిషాలు ఉంచుతారు. పది మిల్లీమీటర్లు తడిస్తే సరే, అయిదు లోపయితే ముందు పొడికి వైద్యం. రోజంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చునేదానివి, రెప్ప వెయ్యడమే మర్చిపోతావు. ఫ్లాప్ కోసేటప్పుడు నల్లగుడ్డులోని సన్నటి నరాలు తెగుతాయి, కన్నీరు తగ్గేది అందుకే. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా (కంటి లోపలి వెనక తెర) అంచులు కూడా చూడాలి. అద్దాలు పోయినా పొడుగు పెరిగిన కనుగుడ్డు అలాగే ఉంటుంది, రెటీనా ఊడే భయమూ అలాగే ఉంటుంది. ఆ రోజు బండి నడపకు.

ఇక పేర్ల గోల. బ్లేడ్‌లెస్ అన్నా కాంటూరా అన్నా ఫ్లాప్ ఉన్న ల్యాసిక్కే. స్మైల్‌లో ఫ్లాప్ లేదు, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటులోంచి పల్చటి బిళ్ళ లాంటి ముక్కను లాగేస్తారు. ఖర్చెక్కువ, పొడి కాస్త తక్కువ. పీఆర్‌కే పాతది, ఫ్లాప్ లేకుండా పైనుంచే లేజర్ కొడతారు, మూడు నాలుగు రోజులు మంట, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కానీ నల్లగుడ్డు పల్చగా ఉన్నా, దెబ్బలు తగిలే ఆటలు ఆడేవాళ్లయినా నేనైతే దానివైపే మొగ్గుతాను. పవర్ మరీ ఎక్కువైతే లోపల లెన్సు పెట్టే ఐసీఎల్. ఏడున్నర లోపు పవర్‌కి మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు డబ్బివ్వవు, ఆశపెట్టుకోకు. మీ తమ్ముడు రైల్వేలో లోకో పైలట్ (రైలింజను డ్రైవరు) పరీక్షకి కడుతున్నాడుగా, వాడు మాత్రం ఇటు రాకూడదు. ల్యాసిక్ చేయించుకున్నవాళ్లను ఆ ఉద్యోగానికి తీసుకోరు.

మీ అమ్మ కూడా ఉత్సాహపడుతోందట. దాని వయసు నలభై నాలుగు, మైనస్ రెండు. ఇప్పుడు అద్దాలు తీసేసి హాయిగా సూదిలో దారం ఎక్కిస్తోంది. లేజర్ చేస్తే దూరం కనిపిస్తుంది, చత్వారం బయటపడి పేపరుకి అద్దాలు కావాలి. వద్దని చెప్పు.

చేయించుకుంటే ఆ రోజు సెంటూ మేకప్పూ వద్దు. మత్తు చుక్కలే, సూది ఉండదు. కన్ను కదలకుండా సక్షన్‌తో పట్టి ఉంచినప్పుడు కొన్ని క్షణాలు చూపు మసకబారుతుంది. వెంట్రుకలు కాలినట్టు వాసన వస్తుంది, కంగారుపడకు. వారం రోజులు రాత్రి కంటి కప్పులు కట్టుకో, తలస్నానం మానెయ్. కుంకుడు రసం నెల దాకా దగ్గరికి రానీకు. స్టెరాయిడ్ చుక్కలు చీటీలో రాసినట్టే తగ్గించుకుంటూ రావాలి. బాగుందని షాపులో మళ్లీ కొని వేసుకుంటే కంట్లో ప్రెషర్ పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లాకోమా తెచ్చుకుంటావు. రాత్రిళ్లు ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కొన్నాళ్లు కనిపిస్తాయి, హైవే మీద డ్రైవింగ్ అప్పటిదాకా వేరేవాళ్లకి ఇవ్వు. నొప్పి పెరిగినా, చూపు ఉన్నట్టుండి తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఆపరేషన్‌కి ముందు తీసిన స్కాన్, పవర్ చీటీ ఒక ఫైల్లో పెట్టుకో. అరవైల్లో శుక్లాలు తీసేటప్పుడు లోపల పెట్టే లెన్సు లెక్క కట్టడానికి అవి కావాలి. ఇప్పటికి ఆ స్కాన్ ఫోటో నాకు పంపు, రెండు కళ్లదీ, వెనకవైపు పటంతో సహా.

మీ పెద్దమ్మ