పటం ఎటో పోతోందని రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ నలభై పేజీల వర్షపాతం రిపోర్టు నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. రాత బాగుంది. నువ్వు అడిగింది ఒక్కటే: ఆర్ మార్క్‌డౌన్‌లో (రాతా, లెక్కల కోడూ ఒకే ఫైల్లో రాసుకునే పద్ధతి) పెట్టినచోట పటం, అంటే గ్రాఫు, నిలబడటం లేదు, పీడీఎఫ్ చేయగానే అన్నీ అధ్యాయం చివరకి పోతున్నాయి, ఎలా ఆపాలి అని. దానికి వస్తాను. కానీ ముందు నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. నీ ఆరో పటంలో మండలాల పేర్లు నేను చదవలేకపోయాను.

కోడ్ తెరిచి చూస్తే కారణం దొరికింది. ఫిగ్.విడ్త్ 12 అని ఇచ్చావు. ఏ4 కాగితం వెడల్పే 8.27 అంగుళాలు. రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్ పోతే నీకు మిగిలేది 6.27. పన్నెండు అంగుళాల బొమ్మ అందులో పట్టాలంటే దాదాపు సగానికి కుదించాలి. గ్రాఫులు గీసే జీజీప్లాట్‌లో మామూలు అక్షరం 11 పాయింట్లు, అక్షాల మీద రాసే పేర్లకీ అంకెలకీ అందులో 80 శాతం, అంటే 8.8. బొమ్మతో పాటు అక్షరమూ కుదించుకుపోయి 4.6 అయింది. అంత చిన్న అక్షరం చదవడం కష్టం.

ఫిగ్.విడ్త్ అంటే నువ్వు బొమ్మ గీసే కాగితం కొలత. అవుట్.విడ్త్ అంటే ఆ బొమ్మకి పేజీలో ఇచ్చే చోటు. ఈ రెండూ వేరని తెలియక చాలామంది ఏళ్ల తరబడి ఇబ్బంది పడతారు. పేజీలో ఎంత చోటుందో ముందు కొలుచుకుని అదే కొలతలో గియ్యి. రెండు పటాలు పక్కపక్కన పెడుతున్నావా, ఒక్కోటి మూడు అంగుళాల్లోనే గియ్యి. అప్పుడు తెర మీద 11 పాయింట్లని చెప్పిన అక్షరం కాగితం మీద కూడా 11గానే వస్తుంది. గీసేటప్పుడే ఇరుకనిపిస్తే అందులో సమాచారం ఎక్కువైందని అర్థం. నీ ఆరో పటంలో జరిగింది అదే, దాన్ని రెండు చెయ్యి.

ఇక పటాలు ఎందుకు పోతున్నాయో చూద్దాం. పీడీఎఫ్ పేజీలు కూర్చేది లాటెక్ అనే సాఫ్ట్‌వేర్. శీర్షిక ఇచ్చిన పటాన్ని అది 'ఫ్లోట్' అంటుంది, అంటే పేజీలో చోటు చూసుకుని కూర్చునేది. ఆ చోటుకి లెక్కలున్నాయి. పేజీ పైభాగంలో కూర్చునే పటాలన్నీ కలిపి 70 శాతం దాటకూడదు, కింద అయితే 30 శాతం, మామూలు రాత కనీసం 20 శాతం ఉండాలి. నీ రెండో పటం ఎత్తు పేజీలో ముప్పావు వంతు. పటం ఎక్కడ కూర్చోవచ్చో చెప్పే ఫిగ్.పాస్‌లో నువ్వు ఇచ్చింది పైన మాత్రమే అనే 'టి'. పైన పట్టదు, ఇంకెక్కడా కూర్చోవడానికి అనుమతి లేదు, ఆగిపోయింది. పటాలు వరస తప్పకూడదనేది ఇంకో నియమం. కాబట్టి మూడోది, నాలుగోది, ఎంత చిన్నవైనా దాని వెనకే నిలబడ్డాయి. టికెట్ కౌంటర్ దగ్గర ముందున్నవాడికి చిల్లర లేకపోతే క్యూ అంతా ఆగినట్టు. రెండో పటం ఎత్తు తగ్గించు, లేదా పటాలకే విడిగా పేజీ ఇచ్చే 'పి' కూడా చేర్చు. మిగతావి వాటంతటవే ముందుకొస్తాయి. ఒక సెక్షన్ పటం ఇంకో సెక్షన్‌లోకి పోకూడదంటే లాటెక్‌కి అదనంగా చేర్చుకునే ప్లేసిన్స్ ప్యాకేజీలో, పటాలు దాటిపోకుండా ఆపే ఫ్లోట్‌బ్యారియర్ ఉంది.

ఫ్లోట్ ప్యాకేజీలోని పెద్ద 'హెచ్' పెడితే ఇక్కడే కూర్చుంటుందని నీకు ఎవరో చెప్పే ఉంటారు. నిజమే, కూర్చుంటుంది. కానీ చోటు చాలకపోతే తర్వాతి పేజీకి దిగుతుంది, ఈ పేజీలో సగం ఖాళీగా మిగిలిపోతుంది. దాన్ని ఒకటి రెండు చోట్ల, అదీ రాత అంతా పూర్తయ్యాకే వాడు. ముందే వాడితే ఒక పేరా కలిపిన ప్రతిసారీ మళ్లీ సర్దుకోవాలి.

అసలు పటం కదిలినా నష్టం లేనట్టు వాక్యం రాయడం నేర్చుకో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిపోర్టులో 'కింది పటంలో చూడండి' అని రాశాను. చివరి నిమిషంలో రెండు పేరాలు చేర్చాం. పటం పేజీ మారింది, నా వాక్యం కింద ఇంకో పటం వచ్చి కూర్చుంది. మీటింగ్‌లో పెద్దాయన ఆ పటం చూసుకుంటూ తప్పు అంకెలు చదివారు. గదిలో ఎవరికీ తెలియలేదు, నాకు తెలుసు. ఆ రోజు నుంచి 'కింద', 'పైన', 'పక్కన' అనే మాటలు పటాల విషయంలో రాయను. హెచ్‌టీఎంఎల్‌లో, అంటే వెబ్ పేజీలో, పటం పెట్టినచోటే ఉంటుంది, పీడీఎఫ్‌లో ఉండదు. ఒకే ఫైల్ నుంచి రెండూ తీస్తున్నప్పుడు రెండింటిలోనూ నిజమయ్యే వాక్యమే రాయాలి. పటం గీసే కోడ్ ముక్కకి (చంక్) పేరు పెట్టి, పటం నంబరు తనే వేసే బుక్‌డౌన్ ప్యాకేజీ రెఫ్‌తో పిలువు. ముందు 'పటం' అని రాసి, రెఫ్ కుండలీకరణం మూయగానే 'లో' తగిలిస్తే 'పటం 6లో' అని చక్కగా వస్తుంది.

ఒక్క మాట మర్చిపోయాను. పటం లోపల తెలుగు రాయాలంటే ఆర్‌లో బొమ్మను ఫైల్‌గా రాసే మామూలు పీడీఎఫ్ డివైస్ పనికిరాదు, అక్షరాల బదులు చుక్కలు పడతాయి. డెవ్ ఆప్షన్‌లో కైరో_పీడీఎఫ్ ఇవ్వు, మంచి తెలుగు ఫాంట్ పేరు చెప్పు. వత్తులు సరిగ్గా పడ్డాయో లేదో 'శాస్త్రం' అని రాసి చూసుకో.

ముందు ఆ ఒక్క అధ్యాయం సరిచేసి పంపు. ప్రింట్ తీసి, కళ్లజోడు లేకుండా మండలాల పేర్లు చదవగలనేమో చూసి చెప్తాను.

నీ అక్క