ఎవరికొస్తుందో చెప్పే ముందు

అమ్మాయ్,

నువ్వు పంపిన రెండూ చదివాను. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే హాళ్ళలో ఆడే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల నామినేషన్ల మీద రాసింది ఒకటి, మన పక్క జరగబోయే పరిషత్తుకి, అదే నాటికల పోటీకి, ఆహ్వానం అందుకున్న నాటికల జాబితా మీద రాసింది ఇంకోటి. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. టోనీ మీద రాసింది గడగడా సాగిపోయింది. ఎవరికొస్తుందో, ఎవరికి అన్యాయం జరిగిందో, స్టేజీ ఎక్కి ఎవరు ఏడుస్తారో కూడా చెప్పేశావు. పరిషత్తు దగ్గరికొచ్చేసరికి ప్రతి వాక్యం చివరా "అనిపిస్తోంది", "కావచ్చు", "చూడాలి". న్యూయార్క్‌లో ఆడుతున్నవాటిలో నువ్వు ఒక్కటీ చూడలేదు, యూట్యూబ్‌లో మూడు నిమిషాల ముక్కలు చూశావు. ఇక్కడి నాటికల్లో సగానికి సగం మీ విజయవాడ తుమ్మలపల్లివారి కళాక్షేత్రంలోనో మా గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశావు. చూడనిదాని మీద అంత ధీమా, చూసినదాని మీద ఇంత నసుగుడు, ఇదేం లెక్కమ్మా?

ఎందుకు నసిగావో తెలియక కాదులే. బ్రాడ్‌వే నటుడు నీకు ఫోన్ చెయ్యడు. ఇక్కడ నువ్వు రాసిన మర్నాడు పొద్దున్నే నాటక సమాజం కార్యదర్శి ఫోన్ చేసి "ఏమ్మా, మా నాటిక అంత తేలిగ్గా కనపడిందా" అంటాడు. ఇంకో పదిహేను రోజులకి ఆయనే ఏదో హాలు గుమ్మంలో ఎదురుపడతాడు. అననీ. ఈ ప్రాంతంలో ఇది కొత్త కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైన దగ్గర్నుంచీ మన వైపు నాటకం చూడటమంటే తీర్పు చెప్పడం కూడా. రెండో నాటిక అయ్యాక బయట టీ బండి దగ్గర నిలబడి చూడు, జడ్జీలు ఇంకా మార్కులు కూడకముందే అక్కడ ఫలితాలన్నీ వచ్చేసుంటాయి. వాళ్ళు నోటితో అనేది నువ్వు పేరు పెట్టి రాస్తున్నావు, తేడా అంతే. అందుకే నీ దగ్గర వాళ్ళకన్నా గట్టి కారణం ఉండాలి.

అసలు సంగతికొస్తా. ఎవరికొస్తుందో చెప్పడం వేరు, ఎవరికి రావాలో చెప్పడం వేరు అని నీకూ తెలుసు, కానీ నీ రాతలో అవి రెండూ ఒకే పేరాలో కలిసిపోయాయి. మొదటిది చెప్పాలంటే నాటకం చూస్తే చాలదు, నిర్ణయం ఎలా జరుగుతుందో తెలియాలి. ఎవరు కూర్చుంటారు, ఎంతమంది, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా, ఆ నిర్ణయం వల్ల వాళ్ళకేమైనా ఒరుగుతుందా. రెండోది చెప్పడానికి ఇవేవీ అక్కర్లేదు, స్టేజీ మీద ఏం జరిగిందో చెప్తే సరిపోతుంది.

టోనీ సంగతే తీసుకో. నామినేషన్లు వేసేది కొన్ని పదుల మంది ఉన్న కమిటీ. గెలుపు తేల్చేది ఎనిమిది వందల పైచిలుకు ఓటర్లు. అంటే జాబితా రాసినవాళ్ళు వేరు, బహుమతి ఇచ్చేవాళ్ళు వేరు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే "ఎక్కువ నామినేషన్లు వచ్చాయి కాబట్టి ఇదే గెలుస్తుంది" అనే వాక్యం నువ్వు రాసుండేదానివి కాదు. 2020 జాబితాలో స్లేవ్ ప్లే అనే నాటకానికి 12 నామినేషన్లు వచ్చాయి, అప్పటికి సంగీతరూపకం (మ్యూజికల్) కాని ఏ నాటకానికీ అన్ని రాలేదు. కోవిడ్ వల్ల వాయిదాపడి 2021 సెప్టెంబరులో ఫలితాలు వచ్చినప్పుడు దాని చేతికొచ్చింది సున్నా. అదే ఏడు సంగీతరూపకాల ఉత్తమ నటుడి విభాగంలో నామినేషన్ ఒక్కరికే, మూలాన్ రూజ్‌లో చేసిన ఆరన్ ట్వైట్‌కే వచ్చింది. పోటీయే లేదు కదా, ఇచ్చేశారనుకుంటాం. కాదు, పోలైన ఓట్లలో అరవై శాతం అవునంటేనే ఇస్తామన్నారు. చివరికి ఇచ్చారులే. కానీ ఆ విభాగం గురించి రాసేవాడికి ఆ నిబంధన తెలియకపోతే రాయడానికేముంది?

2004 కథ ఇంకా మజాగా ఉంటుంది. ఉత్తమ సంగీతరూపకం వికెడ్‌కే అని లోకమంతా అనుకుంది. పెద్ద సెట్లు, పెద్ద ఖర్చు, 10 నామినేషన్లు. పైగా ఓటర్లలో వేరే ఊళ్ళలో హాళ్ళు నడుపుతూ బ్రాడ్‌వే షోలని తమ దగ్గరికి రప్పించుకునేవాళ్ళు కొందరుంటారు, తమ ఊళ్ళో టికెట్లు తెగే షోకే వాళ్ళు ఓటేస్తారని ఒక లెక్క. ఎదురుగా ఉన్నది చేతిబొమ్మలతో ఆడే చిన్న షో, ఎవెన్యూ క్యూ. ఆ సంవత్సరం అమెరికాలో ఎన్నికల హడావిడి కదా, వీళ్ళు కూడా ఎన్నికల ప్రచారాన్ని వెక్కిరిస్తూ, మనసుకి నచ్చినదానికి ఓటెయ్యండి అంటూ తిరిగారు. గెలిచారు. గెలిచాక ఊరూరా తిరగకుండా లాస్ వేగస్‌లో ఒక హాలుకి వెళ్తామని ప్రకటించేసరికి బయటి ఊళ్ళ హాళ్ళవాళ్ళు భగ్గుమన్నారు. ఇందులో నాటకం బాగుందా లేదా అన్నదానికి ఎంత పాత్ర ఉందో, మిగతా వ్యవహారానికి ఎంత పాత్ర ఉందో చూశావుగా. ఇలాంటివి రాస్తే మన పాఠకుడికి న్యూయార్క్ వెళ్ళకుండానే ఏదో తెలుస్తుంది. "ఆమె గొంతు అమోఘం, అవార్డు ఖాయం" అంటే ఏం తెలుస్తుంది? ఆ గొంతు నువ్వు ఫోన్ స్పీకర్లో విన్నావు!

దూరంగా ఉన్నదాని మీద రాయొద్దని అనడం లేదు. పాటల ఆల్బమ్ విన్నానని చెప్పి రాయి, నాటకం ప్రతి చదివానని చెప్పి రచన మీద రాయి. నటన మీద, లైటింగ్ మీద మాత్రం నోరు మూసుకో.

ఇప్పుడు మన పరిషత్తు. ఇక్కడ నామినేషన్లంటూ వేరే ఉండవు, ఆహ్వానాల జాబితాయే నామినేషన్. తీర్పు చెప్పేది మామూలుగా ముగ్గురు. వాళ్ళు వరసగా అన్ని రోజులూ ఒకే హాల్లో, ఒకే సోఫాలో కూర్చుంటారు, కలిసి భోంచేస్తారు, ఆఖరి నాటిక అయ్యాక ఒక గదిలో తలుపేసుకుని మార్కులు కూడుకుంటారు. ఎనిమిది వందల మంది ఎవరి ఓటు వాళ్ళు రహస్యంగా వేసుకునే చోట ఒకే షో అన్నీ ఊడ్చుకుపోవచ్చు, 2016లో హామిల్టన్ 16 నామినేషన్లకి 11 గెలిచింది అలాగే. ఒక్కో విభాగానికి విడిగా ఓటేస్తారు కాబట్టి "దానికి ఇప్పటికే చాలా వచ్చాయి" అని ఎవరూ అనుకోరు, అనుకోవడానికి మిగతావాళ్ళు ఏం వేశారో తెలియదు. ముగ్గురు ఒక గదిలో కూర్చున్న చోట ఆ మాట తప్పకుండా వస్తుంది. ప్రదర్శన వీళ్ళకిచ్చాం కదా, రచన వాళ్ళకిద్దాం, అంత దూరం నుంచి వచ్చారు పాపం, ఆ పిల్లాడికి జ్యూరీ బహుమతి అయినా ఇద్దాం. పంపకం అంటే దీన్నే అంటారు. దాన్ని నేను తప్పు పట్టను. సొంత డబ్బులు పెట్టుకుని, సెట్టు వ్యానెక్కించుకుని వచ్చిన సమాజాలు ఉత్త చేతుల్తో వెళ్ళకూడదనుకోవడంలో మంచితనం ఉంది. కానీ నీ అంచనాలో ఒకే నాటికకి ఉత్తమ ప్రదర్శన, దర్శకత్వం, రచన, నటుడు, నటి, సంగీతం అన్నీ రాసేశావు. పరిషత్తు తెలిసినవాడెవడూ అలా రాయడు. నీకు అన్నిటికన్నా బాగా నచ్చింది అదే అయితే "రావాలి" దగ్గర రాసుకో, "వస్తుంది" దగ్గర పంచు.

జడ్జీలని కాసేపు గమనించు, స్టేజీని వదిలేసి. ముందు వరసలో చిన్న బల్ల, దాని మీద కాగితాలు, చిన్న లైటు. నటుడు నటిస్తుండగా వాళ్ళు తలవంచి రాసుకుంటుంటారు. మొన్నామధ్య ఒక నాటికలో తండ్రి పాత్ర వేసినాయన కొడుకు బల్ల మీద పడేసి పోయిన నోట్లు లెక్కపెడతాడు. డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు. సగంలో ఆగి మళ్ళీ మొదటి నోటు నుంచి మొదలుపెట్టాడు. రెండోసారీ సగంలోనే ఆగాడు. మూడోసారి లెక్కపెట్టకుండా నోట్లని అలాగే మడిచి, జేబులో పెట్టుకోబోయి, బనీను మీదున్నాడు కదా, జేబు లేదు, ఆ చెయ్యి రొమ్ము దగ్గర అలా వెతుక్కుంటూ ఉండిపోయింది. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. సరిగ్గా అప్పుడే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు కిందకి చూసి అంతకుముందు సీనుకి మార్కులు వేసుకుంటున్నారు. తర్వాత పెద్ద కొడుకు వచ్చి గొంతు చించుకునేసరికి ఇద్దరూ తలెత్తారు. ఉత్తమ నటుడు ఎవరికొచ్చిందో నేను చెప్పక్కర్లేదు.

మన పరిషత్తు నాటికల్లో అరుపులెందుకు ఎక్కువని అడిగావు కదా ఆమధ్య. అందులో కొంత జవాబు ఇక్కడుంది. ఇలాంటివి రాయి. ఆ చెయ్యి జేబు కోసం వెతకడం ఎక్కడా రికార్డవలేదు, మార్కుల కాగితంలో లేదు, మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో వచ్చిన నాలుగు లైన్లలో అసలే లేదు. నువ్వు రాస్తే ఉంటుంది.

ఉత్తమ నటి గురించి ఒక మాట. మన దగ్గర స్టేజీ ఎక్కే ఆడవాళ్ళు తక్కువ, కాబట్టి ఒకే నటి ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాలకి వేస్తుంది. రాత్రి ఏడింటికి ముసలి తల్లి, తొమ్మిదింటికి మేకప్ మార్చుకుని లాయరు. ఆమె పోటీ పడేది ఆమెతోనే. నువ్వేమో ఆమె పేరు రాసి ఊరుకున్నావు, ఏ పాత్రకో చెప్పలేదు. ఏ పాత్రకి ఎందుకు అని చెప్పి చూడు, ఆ ఒక్క పేరాలోనే నీ సరుకెంతో తెలిసిపోతుంది. ఆవిడ కూడా అదే చదువుతుంది, మిగతాదంతా వదిలేసి.

ఇక "అన్యాయం" అనే మాట. జాబితా రాగానే ఫలానా నాటిక లేదు, అన్యాయం అని రాసేశావు. జాబితాలో చోటు ఇన్నే అని లెక్కుంటుంది, ఒకటి రావాలంటే ఒకటి పోవాలి. ఏది తీసేస్తావో చెప్పు. చెప్పలేకపోతే ఆ మాట వాడకు. ఇది చాలా ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు, తీసెయ్యాల్సిన నాటిక దర్శకుడు మీ వీధిలోనే ఉండొచ్చు. కానీ పేరు చెప్పకుండా అన్యాయం అన్నవాడిని ఎవరూ పట్టించుకోరు, పేరు చెప్పి కారణం చెప్పినవాడిని తిట్టుకుంటూనైనా చదువుతారు.

ఇంకో చిక్కుంది. ఎంపిక చేసినవాళ్ళు చూసిన ప్రదర్శనా, నువ్వు పోటీలో చూసేదీ ఒకటి కావు. ప్రభుత్వం పెట్టే నంది నాటకోత్సవాలే చూడు, ప్రాథమిక ఎంపిక ఒక దశ, తుది పోటీలు ఇంకో దశ. 2023 డిసెంబరు 23 నుంచి 29 దాకా తుది పోటీలు మా గుంటూరులో విజ్ఞాన మందిరంలోనే జరిగాయి. పద్య నాటకాలు, సాంఘిక నాటకాలు, సాంఘిక నాటికలు, బాలల నాటికలు, కళాశాల యువత నాటికలు, వారమంతా అదే పని. అలాంటి చోట ఎవరికొస్తుందో ముందే చెప్పడమంటే, మొదటి దశకీ రెండో దశకీ మధ్య ఎవరు మారారో, ఎవరు పాత ఊపుమీదే వచ్చారో కూడా తెలియాలి. చిన్న హాల్లో గొంతు సరిపోయినవాడికి పెద్ద హాల్లో సరిపోదు. పద్యం పాడేవాడికి ఆ రోజు జలుబు చేస్తుంది. పిల్లల నాటికల మీద అయితే అంచనాలే వెయ్యకు, దయచేసి. వాళ్ళకి స్కోరు కట్టి రాయడం నాకెప్పుడూ నచ్చలేదు.

భాష సంగతి త్వరగా చెప్పేస్తా. "పాత్రలో జీవించారు", "ఒదిగిపోయారు", "కంటతడి పెట్టించారు", "ఆద్యంతం ఆకట్టుకుంది". ఈ నాలుగూ నీ రాతలో కలిపి చాలాసార్లు వచ్చాయి. ఇవి ఏ నాటికకైనా అతుకుతాయి కాబట్టి ఏ నాటిక గురించీ కావు. లైటింగ్ బాగుంది అనకు, ఏ సీన్లో ఏ లైటు ఆరిపోతే నీకేమయిందో చెప్పు. రంగాలంకరణకి బహుమతి రావాలంటే ఆ సెట్టు మీద నటులు ఎలా తిరిగారో రాయి, తలుపు ఒకటి ఉండి ఎవరూ వాడకపోతే అదీ రాయి.

ఫలితాలు వచ్చాక నీ పాత రాతలో చెయ్యి పెట్టకు. తప్పు పోయినవి తప్పుగానే ఉండనీ, కింద కొత్తగా రాసుకో, ఎందుకు తప్పాయనుకుంటున్నావో. జడ్జీలు అమ్ముడుపోయారని మాత్రం రాయకు, నీ చేతిలో ఆధారం లేనప్పుడు అది రచన కాదు, టీ బండి. నిజంగా ఒక తీర్పు నీకు మింగుడుపడకపోతే గెలిచిన నాటికని మళ్ళీ ఎక్కడైనా ఆడినప్పుడు వెళ్ళి చూడు. అదే నాటిక ఇంకో పరిషత్తుకి ఎలాగూ వస్తుంది, మన వైపు ఈ సీజన్లో కొరతేం లేదు.

ఈ పరిషత్తుకి ఒక పని చెయ్యి. మొదటి గంట కొట్టకముందే రెండు కాగితాలు రాసి నాకు వాట్సాప్‌లో పంపు. ఒకదాంట్లో ఎవరికొస్తుందో, రెండోదాంట్లో ఎవరికి రావాలో, రోజు రోజుకీ చూసినకొద్దీ రెండోది మార్చుకోవచ్చు, మొదటిది మార్చకూడదు. నావీ నీకు పంపుతా. మొదటి కాగితంలో ఎవరివి ఎక్కువ తప్పితే వాళ్ళు గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో ఇడ్లీ పెట్టించాలి, నెయ్యి వేయించి మరీ. ఉత్తమ సంగీతం విభాగం పందెంలోంచి తీసేద్దాం, అక్కడ స్పీకర్లు ఎలా పనిచేస్తాయన్న దాన్నిబట్టే బహుమతి ఉంటుంది.

మీ బాబాయ్,
గుంటూరు