యోంగ్‌జోంగ్ గంట ఒకే స్వరం పలుకుతుంటే

మీరు పోత పోసిన యోంగ్‌జోంగ్ (పాత చైనా కంచు గంట) నమూనాను నడుమ కొట్టినా పక్కన కొట్టినా ఒకే స్వరం వస్తోందనీ, అడ్డుకోత దాదాపు గుండ్రంగా ఉందనీ రాశారు. లోపం అక్కడే ఉందండీ. అసలు యోంగ్‌జోంగ్ అడ్డుకోత బాదంగింజలా ఉంటుంది, రెండు పక్కలా అంచులు కోసుగా తేలతాయి. అందుకే కింది భాగం నడుమ కొడితే ఒక స్వరం, నడుమకూ అంచుకూ మధ్య కొడితే స నుంచి గ అంత ఎడంతో మరొకటి పలుకుతాయి. ఒక స్వరానికి గోడ కదలకుండా ఉండే చోటే రెండో స్వరం కోసం కొట్టే చోటు. దెబ్బ కాస్త పక్కకు జరిగితే రెండూ కలిసి మోగుతాయి. చైనాను పాలించిన పశ్చిమ ఝౌ వంశపు కాలంనాటి చాలా గంటలపై కుడివైపు చిన్న పక్షి బొమ్మ ఉండేది పక్కన కొట్టే ఆ చోటు గుర్తుకే. ఎంత అందమైన ఏర్పాటో!

ఈ గంటను అరగదీసి బాగుచేయలేరు, అచ్చు మార్చి మళ్లీ పోయండి. తగరం 12–14 శాతం, సీసం కొద్దిగా చాలు. తగరం బాగా పెరిగితే పెళుసై పగులుతుంది. పైభాగాన ముఖానికి 18 చొప్పున మొత్తం 36 బుడిపెలు తప్పక ఉంచండి, అదనపు స్వరాలను త్వరగా అణచడానికి అవి తోడ్పడతాయి. శ్రుతి కోసం లోపలి అంచునే కొంచెం కొంచెంగా అరగదీసి, ప్రతిసారీ రెండు చోట్లా కొట్టి వినండి. గోడ పలచబడితే స్వరం దిగుతుంది, మళ్లీ ఎక్కించడం చాలా కష్టం.

కొలతలకు వూహాన్‌లోని హూబే మ్యూజియంలో ఉన్న జెంగ్ అనే పాత చైనా రాజ్యపు ప్రభువు ‘యీ’ తాలూకు గంటల్ని చూడండి. 1978లో తవ్వకంలో దొరికిన 65 గంటలవి.