టండ్రాలో వేటకి ఏ బూట్లు?

చి. కిరణ్‌కి, మామయ్య ఆశీస్సులు.

ఆగస్టు చివర్లో అలాస్కా వచ్చి నాతో క్యారిబూ (రెయిన్‌డీర్ జాతి దుప్పి) వేటకి నడుస్తానన్నందుకు చాలా సంతోషం. రైఫిల్ గురించి, స్కోప్ గురించి ఎన్నో అడిగావు గానీ కాళ్ల సంగతి ఎత్తలేదు. నాకు ముందు అదే టెన్షన్.

మనం వెళ్లే డాల్టన్ హైవేకి రెండు వైపులా 5 మైళ్ల దాకా తుపాకీతో వేటాడకూడదు. విల్లంబులకే అనుమతి. అంటే ఆ 5 మైళ్లు నడిచాకే మన వేట మొదలు. పెద్ద మగ క్యారిబూ పడితే ఎముకలు తీసేసినా మాంసం 100 పౌండ్ల దాకా తూగుతుంది. తినదగ్గ మాంసం అక్కడ వదిలేసి రావడం నేరం. రెండు విడతల్లో మోసినా రానూపోనూ 20 మైళ్లు అవుతుంది.

చెట్లు లేని ఆ చలి నేలనే టండ్రా అంటారు, అది ఎలాంటిదో ముందు తెలుసుకో. అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. ఎండాకాలంలో పైన ఒకటి రెండు అడుగులే కరుగుతుంది. నీళ్లు కిందికి ఇంకే దారి లేక అక్కడే నిలుస్తాయి. ఆ నీళ్ల నిండా టస్సాక్‌లని గడ్డి దుబ్బులు. దమ్ము చేసిన మడిలో ముంతలు బోర్లించి పెట్టినట్టు ఉంటుంది. దుబ్బు మీద కాలేస్తే అది పక్కకి ఒరుగుతుంది. రెండు దుబ్బుల మధ్య వేస్తే కాలు బురదలోకి దిగుతుంది. పడే భారమంతా చీలమండ మీదే.

నువ్వు కొందామనుకుంటున్న తోలు బూట్లు మంచివే, కొండల్లో అడవి గొర్రెల వేటకైతే నేనూ అవే వేసుకుంటాను. కానీ నీళ్లు చొరనివ్వని గోర్‌టెక్స్ పొర లోపల ఎంత గట్టిగా ఉన్నా, నీళ్లు బూటు పైఅంచు దాటి లోపలికి దిగితే ఏం చేస్తుంది? ఒకసారి తడిసిన తోలు ఆ చలిలో ఆరదు. మంట వేసి ఆరబెట్టుకుందామంటే బ్రూక్స్ పర్వతాలు దాటాక చెట్లే లేవు.

అందుకే నా మాట విని తొడదాకా వచ్చే రబ్బరు హిప్ బూట్లు తీసుకో. వదులుగా ఉండే రకం వద్దు, చీలమండ దగ్గర బిగుతుగా పట్టేవే కొను. వదులు బూటయితే బురద పట్టి లాగేస్తుంది, మడమ లోపల ఆడి బొబ్బలెక్కుతుంది. అడుగున లోతైన గాడులుండాలి. లోపల మందపాటి వెచ్చటి లైనింగ్ అక్కర్లేదు, నడుస్తుంటే కాళ్లు వాటంతటవే వేడెక్కుతాయి. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, వేటకి తొడుక్కునే సాక్సులతోనే షాపుకెళ్లి చూసుకో. కొన్నాక స్నానాల తొట్టిలో నీళ్లు పట్టి అందులో అరగంట నిలబడు. ఎక్కడైనా కారుతుంటే ఇంట్లోనే తెలిసిపోతుంది. తర్వాత వీపున బరువేసుకుని రోజూ నడు.

రబ్బరుకి ఉన్న లోపం చెమట. బయటి నీళ్లు రాకపోయినా లోపల సాక్సు తడిసిపోతుంది. మెరినో ఉన్నివి నాలుగు జతలు తెచ్చుకో, కాటన్‌వి ఒక్కటి కూడా వద్దు. మధ్యాహ్నం ఆగినప్పుడు బద్ధకించకుండా బూట్లు విప్పు. కాళ్లు తుడుచుకుని జత మార్చు. తడి జతని రాత్రి స్లీపింగ్ బ్యాగులో పొట్ట మీద పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి చాలామటుకు ఆరుతుంది. రోజుల తరబడి తడిలో నానితే మంచు లేకపోయినా పాదాలు పాడవుతాయి. చర్మం తెల్లబడి, ముడతలు పడి, తిమ్మిరెక్కిందంటే దాచకుండా నాకు చెప్పు. వేట ఆపేసి గుడారంలో కూర్చుందాం. నాకు క్యారిబూ కంటే నీ కాళ్లు ముఖ్యం.

వాగులు దాటేటప్పుడు హిప్ బూట్ల పట్టీలు బెల్టుకి కట్టుకో. నీళ్లు తొడ దాటేలా ఉంటే దిగొద్దు, వెడల్పుగా పారే చోటు వెతుకుదాం. అక్కడ లోతు తక్కువ ఉంటుంది. ఇంకో మాట, విరిగిన విల్లో పొదల కొమ్మల మొనలు రబ్బరుని చీల్చేస్తాయి. అతుకు ముక్కలు, జిగురు ఒక చిన్న సంచిలో వేసుకుని రా. గుడారంలో వేసుకోవడానికి తేలికపాటి చెప్పులు కూడా మర్చిపోకు.